పట్టుకోవాలా, గుద్దాలా

ఆట అయిపోవడానికి రెండు మూడు నిమిషాలు కూడా లేవు. రెండు వైపులా ఒక్క గోల్ లేదు. భద్రాచలంలో ఆశ్రమ పాఠశాలల బాలికలకు ఆటల పోటీలు జరుగుతున్నాయి. అవతలి జట్టు పిల్ల ఒకతె మైదానం మూల నుంచి బంతిని ఎత్తి కొట్టింది. అది పెద్ద వేగంగా కూడా రాలేదు. చూసేవాళ్ళకు బోలెడంత సమయం ఇస్తూ, గాలిలో తేలుకుంటూ మా గోల్ ముందుకు వచ్చింది. మా గోల్‌కీపర్ రెండడుగులు ముందుకు వేసి ఎగిరింది. చేతులు బంతిదాకా అందాయి. అందాయి కాబట్టి పట్టుకుంటుందనే అనుకున్నాను. ఆ పిల్ల రెండు పిడికిళ్ళూ జోడించి బంతిని గుద్దింది. అది నేరుగా వెళ్ళి ఎదుటి జట్టులో ఎర్ర రిబ్బన్ల పిల్ల కాళ్ళ ముందు పడింది. ఆ పిల్లకు ఇక ఆలోచించాల్సిన పనే లేకపోయింది. తన్నింది. మేం ఓడిపోయాం.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో మా గోల్‌కీపర్ పక్కన కూర్చున్నాను. ఎనిమిదో తరగతి. జట్టులో అందరికంటే పొడుగు. చేతులు ఇంకా పొడుగు. చర్ల దారిలో వాగు దాటి లోపలికి పోతే వచ్చే కోయగూడెం వాళ్ళది.

"బంతి చేతికి అందింది కదా, ఎందుకు పట్టుకోలేదు?" అని అడిగాను.

చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత, "పట్టుకుంటే పడతది టీచర్" అంది.

"ఏం పడుతుంది? బంతా, నువ్వా?"

మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

నేను ఆటల టీచర్ని కాను. భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. మా బడిలో ఆటల టీచర్ పోస్టు ఖాళీగా ఉండేది. నేను చేరిన మొదటి నెలలోనే పెద్ద మేడం నన్ను పిలిచి, ఈల ఒకటి, గాలి కొట్టే పంపు ఒకటి, రెండు ఫుట్‌బాళ్ళు చేతిలో పెట్టి, "నువ్వు చిన్నదానివి, క్వార్టర్స్‌లోనే ఉంటావు, సాయంత్రాలు నీకు వేరే పనేముంటుంది" అన్నారు. మాది పెనుబల్లి వైపు పల్లె. అక్కడ ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడడం సరే, మగపిల్లలు ఆడడం కూడా నేను చూడలేదు. బంతులతోపాటు వచ్చిన చిన్న నియమాల పుస్తకం పెట్టుకుని, పిల్లలతోపాటు నేనూ నేర్చుకున్నాను. గోల్‌కీపర్ బంతిని ఎక్కడ చేత్తో తాకవచ్చో, ఎంతసేపు పట్టుకోవచ్చో అందులో ఉంది. గాలిలో వచ్చే బంతిని పట్టుకోవాలా, గుద్దాలా అన్నది మాత్రం ఎక్కడా లేదు. నాకు అదే ఆశ్చర్యంగా ఉండేది. అంత ముఖ్యమైన సంగతి పుస్తకం రాసినవాళ్ళు ఎలా వదిలేశారు?

ఏదైనా తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. ఇదీ అలాగే పట్టుకుంది. తోటి టీచర్లను అడిగితే సగంమంది పట్టుకోవాలన్నారు, సగంమంది గుద్దాలన్నారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి నేనే తీర్పు చెప్పేశాను. పట్టుకున్న బంతి మనది. గుద్దిన బంతి ఎవరిదో తెలియదు. కాబట్టి పట్టుకోవాల్సిందే. అప్పట్లో నా లెక్క అంత సులువుగా ఉండేది.

ఆ చలికాలమంతా, వేసవి సెలవులు ఇచ్చేదాకా, బడి వెనక ఖాళీ జాగాలో వెదురు బొంగులు పాతి చేసిన గోల్ ముందు ఆ పిల్లను నిలబెట్టి బంతులు విసిరాను. ఎడమకి, కుడికి, పైకి. పట్టుకునేది. చక్కగా పట్టుకునేది. ఎదురుగా నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఒక్క బంతి జారిపోయేది కాదు. అది చూసి నా తీర్పు మీద నాకు ఇంకా నమ్మకం పెరిగింది.

జూన్‌లో పిల్లలు సెలవుల నుంచి తిరిగి వచ్చారు. బీడీలకు తునికాకు కోసి, కట్టలు కట్టిన చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. మా గోల్‌కీపర్ తొమ్మిదో తరగతికి వచ్చింది. ఆ తరగతికి నేను ద్రవ్యవేగం పాఠం చెప్పాలి. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టుకునేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాడు, అప్పుడు బంతి ఆగడానికి ఎక్కువ సమయం పడుతుంది, దెబ్బ తక్కువ తగులుతుంది అని పుస్తకంలో ఉంటుంది. నేను అక్కడ క్రికెట్ తీసేసి ఫుట్‌బాల్ పెట్టాను. బల్ల ముందుకు వచ్చి, చేతులు చాపి, వెనక్కి లాగి చూపించాను. "అర్థమైందా? ఏమైనా సందేహాలా?" అని అడిగాను.

వెనక బల్లలో మా గోల్‌కీపర్ లేచి నిలబడింది. ఏడాదిలో ఆ పిల్ల నా తరగతిలో తనంతట తాను లేవడం అదే మొదటిసారి.

"ఎదురుంగ మనుషులు వస్తుంటే, చేతులు వెనక్కి ఎట్ల లాగాలె టీచర్?"

నేను బల్ల ముందు అలాగే చేతులు చాపుకుని నిలబడిపోయాను. పుస్తకంలో ఉన్న ఆటగాడు ఒంటరివాడు. అతని మీదికి ఎవరూ పరుగెత్తుకు రారు. అతనికి, బంతికి మధ్య ఖాళీ గాలి తప్ప ఇంకేం లేదు. ఆ సంగతి నాకు అంతవరకు తట్టలేదు. "అది తర్వాత చెప్తాను" అన్నాను. టీచర్లు అలా అన్నారంటే తెలియదని అర్థం. పిల్లలకూ ఆ సంగతి తెలుసు.

తెలియనిది ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోలేదు. మరో వారానికి పక్క మండలం బడి పిల్లలు మాతో ఆడడానికి వచ్చారు. వాన పడుతూ ఉంది. అయినా ఆట ఆపలేదు. ఆటకు ముందు నేను మా గోల్‌కీపర్ భుజం మీద చెయ్యి వేసి, "గుద్దొద్దు. పట్టుకో. ఏమైనా సరే పట్టుకో" అన్నాను. తలూపింది.

రెండో సగంలో బంతి ఎత్తుగా వచ్చింది. గోల్ ముందు ఏడెనిమిది మంది గుంపుగా ఉన్నారు. ఆ పిల్ల నేను చెప్పినట్టే చేతులు చాపి ఎగిరింది. బంతి చేతికి అందింది. అదే క్షణంలో గోల్ ముందు అడ్డుకునే మా బ్యాక్ పిల్ల కూడా అదే బంతికోసం తలతో ఎగిరింది. ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి జారి, బురదలో దొర్లుకుంటూ పోయి గోల్‌లో పడింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి మా గోల్‌కీపర్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కింది పెదవి చీలి రక్తం కారుతోంది. బ్యాక్ పిల్ల నుదురు పట్టుకుని ఏడుస్తోంది. గోల్‌కీపర్ ఏడవలేదు. నా వైపు ఒక్కసారి చూసింది, అంతే. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదేమో. పెదవికి రెండు కుట్లు పడ్డాయి.

ఆ తర్వాత ఆ పిల్ల పట్టుకోవడమూ మానేసింది, గుద్దడమూ మానేసింది. గోల్ గీత మీద నిలబడి బంతి తన దగ్గరికే వస్తే ఆపేది, లేకపోతే చూస్తూ ఉండేది. నేను ఎన్ని చెప్పినా తలూపేది. చెడగొట్టింది నేనే అని నాకు తెలుసు.

మా లెక్కల టీచర్‌ది ఇల్లందు. నేను దిగాలుగా ఉండడం చూసి, వాళ్ళ వీధిలో ఒకాయన ఉన్నాడని, బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడని, పడుచువయసులో గనుల జట్టుకి గోల్‌కీపర్‌గా ఆడేవాడని చెప్పింది. ఇల్లు ఎక్కడో కాగితం మీద గీసి ఇచ్చింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. కొత్తగూడెంలో బస్సు మారి ఇల్లందు చేరేసరికి పదకొండు దాటింది.

తలుపు తీసే ఉంది. పెద్దాయన మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. ఆ ఏడు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు అయిపోయి ఎన్నో రోజులు కాలేదు. పాత ఆటలు మళ్ళీ వేస్తున్నారు. నేను ఎవరో, ఎందుకు వచ్చానో చెప్పాను. ఆయన టీవీ గొంతు తగ్గించి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏంది టీచరమ్మా, భద్రాచలం కాడికెల్లి గీ ముచ్చట అడగనీకి వచ్చినవా?"

"అవునండీ బాబాయి గారూ."

"బస్సుల?"

"అవునండీ."

లోపలికి చూసి, "ఏమే, చాయ్ పెట్టు. భద్రాచలం నుంచి మనిషొచ్చింది, బంతి పట్టాల్నా గుద్దాల్నా అని అడగనీకి" అని కేకేశాడు. లోపలినుంచి ఆయన భార్య నవ్వు వినిపించింది.

టీవీలో ఎవరో గోల్‌కీపర్ ఎగిరి బంతిని గుద్దాడు. పెద్దాయన తొడ మీద చరుచుకున్నాడు. "సూడు, సూడు. సక్కగ చేతులకొచ్చే బంతి. దాన్ని గూడ గుద్దిండు. గిప్పటోళ్ళందరు గుద్దుడు మరిగిన్రు."

"అంటే పట్టుకోవాలంటారా?"

"నేనట్ల అన్ననా?" అన్నాడు వెంటనే. "మా దినాలల్ల బంతి తోలుది. వాన పడ్డదంటే నీళ్ళు తాగి రాయి లెక్క అయ్యేది. గుద్దితే మణికట్టు గుంజేది. అందుకని పట్టుకునేటోళ్ళం. గిప్పటి బంతి తేలిక. గాలిల ఊగుతది. చేతుల దాకొచ్చి పక్కకు పోతది. అందుకని గుద్దుతున్రు. ఆళ్ళది తప్పు గాదు."

"మరి ఏది సరైంది?"

ఆయన జవాబు చెప్పకుండా మంచం కింద వెతికి ఒక బంతి బయటికి తీశాడు. "మాటలతోని ఏమైతది? నడువు, గ్రౌండ్ల సూద్దాం." చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చిన ఆవిడతో, "నువ్వు గూడ రా. పనున్నది" అన్నాడు. "రిటైరై అయిదారేండ్లాయె, ఇంక ఆ బంతిని ఇడిశిపెట్టలే ఈ మనిషి" అని నాతో అంటూనే ఆవిడ చెప్పులు వేసుకుంది.

క్వార్టర్ల చివర గ్రౌండ్ ఉంది. మధ్యాహ్నం కావస్తోంది, ఎవరూ లేరు. కొంగు నడుముకు దోపుకోమని నన్ను గోల్ ముందు నిలబెట్టాడు. పదడుగుల దూరం నుంచి చేత్తోనే బంతిని ఎత్తుగా విసిరాడు. మొదటిది జారిపోయింది. రెండోది కూడా. మూడోది పట్టుకున్నాను. నాలుగోది కూడా పట్టుకున్నాను. గర్వంగా ఆయన వైపు చూశాను.

"మంచిగున్నది" అని, భార్య వైపు తిరిగి, "నేను బంతి ఇసిరినంక నువ్వు టీచరమ్మ మీదికి ఉరుకు" అన్నాడు.

"నేనా? మోకాళ్ళు నొస్తున్నయ్ గదయ్యా!"

"నాలుగడుగులే."

ఆవిడ నవ్వుకుంటూ కొంగు దోపుకుంది. ఆయన బంతి విసిరాడు. ఆవిడ "వస్తున్న బిడ్డా, జెర జరుగు!" అంటూ నిజంగానే పరుగెత్తుకు వచ్చింది. బంతి పైనుంచి దిగుతోంది. బరువైన మనిషి ఎదురుగా దూసుకు వస్తోంది. తర్వాత ఏమైందో నేను చూడలేదు. వేళ్ళ కణుపులకి ఏదో గట్టిగా తగిలింది. కళ్ళు తెరిచేసరికి బంతి పక్కనున్న పొదల్లో ఉంది. ఆవిడ నా భుజాలు పట్టుకుని, "భయపడ్డవా తల్లీ? నేను ఆగిన గద" అంటోంది. నా రెండు చేతులూ ముఖం ముందు పిడికిళ్ళై ఉన్నాయి. నేను వాటిని ముడుచుకోమని చెప్పలేదు.

"సూసినవా?" అన్నాడు పెద్దాయన దగ్గరికి వచ్చి. "గుద్దమని నీకెవరు జెప్పిన్రు? ఎవలు జెప్పలే. నీ చేతులే ముడుసుకున్నయ్. భయంతోని గుద్దుడు వేరు, సూసి గుద్దుడు వేరు. మీ పిల్ల ఏది జేస్తున్నదో నువ్వెన్నడన్న సూసినవా? బంతిని సూసినవ్. పిల్ల కండ్లు సూసినవా?"

చూడలేదని ఒప్పుకున్నాను. వాన రోజున జరిగింది కూడా చెప్పాను, పెదవి చీలడం, బ్యాక్ పిల్ల గుద్దుకోవడం. ఆయన వింటూనే వెళ్ళి పొదల్లోంచి బంతి తీసుకొచ్చాడు.

"మీ పిల్ల అరుస్తదా?" అని అడిగాడు.

"ఏమని?"

"నాది అని. నేనొస్తున్న అని. బంతి మీదికి పోయేముందు గోల్‌కీపర్ అరవాలె. అరవకుంటే సొంతోళ్ళే మీద పడ్తరు."

అప్పుడు ఆయన గ్రౌండ్ వైపు చూస్తూ తన సంగతి చెప్పాడు. "పట్టుడే గాని గుద్దుడు తెల్వదని నాకు పేరుండె. ఓ ఆటల నేను, మా బ్యాకు ఒక్క బంతి మీదికే పోయినం. బంతి నా చేతులనే ఉన్నది. ఆయన కాలు నా కింద ఇరిగింది. గోల్ గాలే. అందరు సప్పట్లు కొట్టిన్రు. నేను నోరు తెరిచి ఒక్క మాటంటే ఆయన పక్కకు జరుగుతుండె." గనిని వాళ్ళు బాయి అంటారు. "బాయిల బొగ్గు టబ్బులు పట్టాల మీద ఇడిసే ముందు అరుస్తం. అరవకుంటే ముంగటున్న మనిషి పోతడు. రోజూ అరిచేటోన్ని, పైకొచ్చినంక గ్రౌండ్ల నోరు మూసుకున్న. మూన్నెల్లు దవాఖానల ఉన్నడాయన. రోజూ పోయి కూసునేటోన్ని. ఆయనేం అనలే."

బస్సుకి టైమవుతోందని లేచినప్పుడు ఆవిడ ఇంటి ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చింది. "మల్ల గీ ముచ్చటకు బస్సెక్కి రాకు. ఫోన్ జెయ్యి" అన్నాడు పెద్దాయన. "అరుసుడు నేర్పు ముందుగాల. పట్టుడో గుద్దుడో ఆ పిల్లే సూసుకుంటది."

తిరుగు ప్రయాణమంతా నా పిడికిళ్ళనే చూసుకుంటూ వచ్చాను. ఏడాదిగా నేను అడుగుతున్న ప్రశ్నలో మనుషులు లేరు. ఒక బంతి, రెండు చేతులు, అంతే.

మర్నాడు సాయంత్రం ఆ పిల్లను పిలిచి, బంతి వచ్చినప్పుడు "నాదే" అని అరవమన్నాను. పెదవులు కదిలాయి గానీ నాలుగడుగుల దూరంలో ఉన్న నాకే వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాను. మళ్ళీ అంతే. మిగతా పిల్లలను ఆడుకోమని పంపించి మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ముందు ఒక మాట చెప్పాలి నీకు. వానలో ఏమైనా సరే పట్టుకోమన్నాను కదా, అది నాకు తెలియక చెప్పిన మాట. నాదే తప్పు."

టీచర్ అలా అనడం ఆ పిల్లకు ఇబ్బందిగా అనిపించినట్టుంది. నేల వైపు చూసింది.

"మరి ఎందుకు అరవవు? భయమా?"

"నవ్వుతరు టీచర్."

"ఎవరు?"

నెమ్మదిగా చెప్పింది. ఆరో తరగతిలో చేరిన కొత్తలో హాజరు పిలిచినప్పుడు "ఉన్నాను టీచర్" అనబోయి "ఉన్నాడు టీచర్" అందట. తరగతంతా నవ్విందట. ఇంట్లో మాట్లాడేది కోయ భాష. తెలుగు బడిలోనే నేర్చుకుంది. అప్పటినుంచి హాజరుకి నోటితో చెప్పడం మానేసి చెయ్యి ఎత్తుతోంది. నా తరగతిలో కూడా ఏడాదిగా చెయ్యే ఎత్తుతోంది. పొడుగుపిల్ల కదా, అదొక అలవాటు అనుకున్నాను నేను.

"సరే. మీ ఇంట్లో అయితే ఏమంటావు? మీ ఊళ్ళో బంతి నీ మీదికి వస్తే?"

"మా ఊళ్ళె బంతి లేదు టీచర్."

"బంతి కాకపోతే ఇంకేదైనా. ఎవరు తీసుకుంటారు అంటే, నేను అని చెప్పాలంటే?"

"నన్న."

"నాన్ననా? నాన్న ఎందుకు?"

కుట్లు మానిన పెదవితో మొదటిసారి నవ్వింది. "నాన్న కాదు టీచర్. నన్న. నేను అని."

"అయితే ఆ మాటే అరిచి చెప్పు."

"కోయ మాటనా?"

"బంతికి ఏ భాషైనా ఒకటే కదా."

గోల్ ముందు నిలబడి, ముందు చిన్నగా, తర్వాత కాస్త పెద్దగా, "నన్న!" అంది. జట్టులో సగంమంది కోయ పిల్లలే. వాళ్ళు వెంటనే అర్థం చేసుకుని పక్కకు జరిగారు. మిగతావాళ్ళు మొదట్లో "వాళ్ళ నాన్నని పిలుస్తోంది" అని నవ్వారు. ఆ పిల్ల ముఖం ముడుచుకుంది. ఈసారి నవ్వినవాళ్ళను కోయ పిల్లలే కసిరారు. వారం తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది. ఆ మాట వినపడితే చాలు, గోల్ ముందున్నవాళ్ళు తలుపులు తెరుచుకున్నట్టు రెండు పక్కలకూ తప్పుకునేవాళ్ళు.

నేను ఈసారి బంతిని చూడడం మానేసి ఆ పిల్ల ముఖం చూడడం మొదలుపెట్టాను. దారి ఖాళీ అయినప్పుడు కళ్ళు తెరిచే ఉండేవి. చేతులు వాటంతట అవే విచ్చుకునేవి. గుంపు తొలగకపోతే ఒక్కోసారి కళ్ళు తెరిచే పిడికిలి బిగించేది, బంతిని మధ్యలోకి కాకుండా పక్కలకు పంపేది. ఒక్కోసారి కళ్ళు మూతపడేవి. అప్పుడు బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. నేను ఏదీ దిద్దలేదు. పట్టుకో అనలేదు, గుద్దు అనలేదు. నా ఉద్యోగంలో నోరు మూసుకుని ఉండడం నేర్చుకున్నది ఆ రెండు నెలల్లోనే.

ఆ ఏడు భద్రాచలంలో మేం గెలిచాం. ఖమ్మం వెళ్ళాం. అక్కడ మొదటి ఆట గెలిచి రెండో ఆటకు వచ్చాం. ఎదుటి జట్టు పట్నం పిల్లలు, మంచి బూట్లతో ఉన్నారు. ఆట మొదలైన కాసేపటికి బంతి ఎత్తుగా వచ్చింది. "నన్న!" అని మా గోల్‌కీపర్ అరుపు గ్రౌండంతా వినపడింది. ఎదుటి జట్టు ఫార్వర్డ్ పిల్ల ఉలిక్కిపడి, ఎవరి నాన్న వచ్చాడోనని పక్కకి తిరిగి చూసింది. ఈలోపు మా పిల్ల బంతిని పట్టేసుకుంది. అటు టీచర్ లేచి రిఫరీ మీద అరవడం మొదలుపెట్టాడు, తన పిల్లలను మేం మోసం చేస్తున్నామని. రిఫరీ ఈల వేసి ఆట ఆపాడు.

"ఏమ్మా, ఎవర్ని పిలుస్తున్నవ్? ఆట నడుమ నాన్నను పిలుసుడేంది?" అని మా గోల్‌కీపర్‌ని అడిగాడు.

నేను సైడ్ లైన్ దాటి వెళ్ళబోయాను. రెండడుగులు వేశాను కూడా. అప్పుడు ఆ పిల్ల గొంతు వినిపించింది.

"నాన్న కాదు సార్. నన్న. మా భాషల 'నేను' అని. బంతి నేను తీసుకుంటున్న అని మావాళ్ళకు చెప్తున్న సార్."

బంతిని పొట్టకు అదుముకుని, రిఫరీ ముఖంలోకి చూస్తూ, రెండు జట్లూ వింటుండగా చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. రిఫరీ "నేనా? సరే సరే" అని, అటు టీచర్ వైపు చెయ్యి ఊపి కూర్చోమని, ఆట మొదలుపెట్టమన్నాడు. నేను సైడ్ లైన్ దగ్గరికి వెనక్కి వచ్చేశాను. నా అవసరం లేదు.

ఆ ఆట ఓడిపోయాం. నేల మీద దొర్లుకుంటూ వచ్చిన బంతి మా బ్యాక్ పిల్ల కాలికి తగిలి దారి మార్చుకుంది. గోల్‌కీపర్ ఇటు దూకింది, అది అటు పోయింది. అందులో పట్టడం, గుద్దడం అన్న ప్రశ్నే లేదు. అంతకుముందు మాత్రం ఒక గొప్ప బంతి ఆపింది. అయిదుగురు మీద పడుతుంటే ఎగిరి రెండు పిడికిళ్ళతో గుద్దింది. బంతి మైదానం సగందాకా పోయింది. జనమంతా చప్పట్లు కొట్టారు. అటు టీచర్ కూడా కొట్టాడు.

మర్నాడు తిరిగి భద్రాచలం చేరాక మా బడి ఉన్న ఊరి బస్సుకి గంట టైముంది. బస్టాండ్ ఎదురుగా ఫోన్ బూత్ ఉంది. పెద్దాయనకు చేసి ఓడిపోయాం అని చెప్పాను. ఆయన ఎన్ని గోల్స్ అని అడగలేదు.

"ఎన్ని పట్టింది? ఎన్ని గుద్దింది?"

నేను లెక్క పెట్టలేదు. బూత్ అద్దంలోంచి మా గోల్‌కీపర్ వైపు చూసి రమ్మని సైగ చేశాను. లోపలికి వచ్చాక అదే ప్రశ్న అడిగాను. "ఆరు పట్టిన, మూడు గుద్దిన. ఒకటి తప్పు" అంది. అది ఫోన్‌లో ఆయనకు వినపడినట్టుంది. "ఆ పిల్లకియ్యి ఫోను" అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. మొదట్లో ఆ పిల్ల "ఊఁ, ఊఁ" అంటూ వింది. తర్వాత తనే ఆట సంగతి చెప్పడం మొదలుపెట్టింది, గొంతు పెరిగింది. "కాదు తాతా!" అనడం వినపడింది. మైదానం సగందాకా పోయిన ఆ బంతి గురించే. అది బాగా గుద్దావని ఆయన మెచ్చుకుంటున్నాడు కాబోలు. "కాదు తాతా, ఎడమపక్క ఖాళీ ఉండె. పట్టుకునేది ఉండె. నేనే కండ్లు మూసుకున్న." ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేతిని గాలిలో విప్పుతూ, ముడుస్తూ ఆయనకు చూపిస్తోంది. బూత్ నడిపే ఆమె తల పైకెత్తి చూసింది. మా బస్సు వచ్చి ఆగింది. మిగతా పిల్లలు ఎక్కుతున్నారు. నేను అద్దం మీద తట్టాను. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఊపి మళ్ళీ మాటల్లో పడిపోయింది. తర్వాత ఏదో విని గట్టిగా నవ్వింది.

బస్సులో సీటు దొరికాక అడిగాను, "ఎందుకు నవ్వావు? ఏమన్నాడు?"

"ఆయన కూడ కండ్లు మూసుకుంటుండెనంట టీచర్."

"అవునా? మరి ఆయనకు ఆ అలవాటు ఎప్పుడు పోయిందట?"

నా వైపు తిరిగింది. "పోయిందని ఆయన అనలే" అంది.